తాడు రెండో కొస

మిగతా గదులు సాయంత్రమే తడిశాయి. జ్వరంతో ఉన్న పాప ఇప్పుడే నిద్రపోయిన ఈ గది మీద కూడా గాలికి నాలుగు పెంకులు లేచిపోయాయి. బావమరిది టార్పాలిన్ తీసుకుని కప్పెక్కాడు.

"నువ్వు అటక మీదే ఉండు బావా. నీ బరువుకి ఉన్న పెంకులు కూడా సెలవు పుచ్చుకుంటాయి!"

అటక మీదున్న అతను నవ్వి, టార్పాలిన్ తాడు ఒక కొసను పెంకులు లేచిన కన్నంలోంచి అందుకున్నాడు. రెండో కొస పైన ఉంది. అతను "లాగు" అన్నప్పుడల్లా పైన లాగుతున్నారు. టార్పాలిన్ మెల్లగా ఆకాశాన్ని మూసింది. వాన చప్పుడు దూరమైంది. చీకట్లో ఆ తాడు తన చేతిలోంచే మొలిచినట్టు, నిద్ర వచ్చేంత హాయిగా ఉంది.

"ఏమండీ, ఎవరితో ఆ మాటలు?" కింద నుంచి భార్య అడిగింది. "కాలు జారుతోందని తమ్ముడు ఎప్పుడో దిగొచ్చేశాడు. మీకు కేక కూడా వేశాడట. ఇదిగో, తల తుడుచుకుంటున్నాడు."

"ఇంకా అక్కడేం చేస్తున్నావు బావా?" బావమరిది గొంతు కూడా కిందే.

తాడు బిగువు తగ్గలేదు. వదిలితే వాన పాప మీదే పడుతుంది. అతను దాన్ని మణికట్టుకు మరో చుట్టు చుట్టుకున్నాడు. పైన ఎవరో రెండుసార్లు మెల్లగా లాగి, అతని మాట కోసం ఆగారు.

"తెల్లవారేదాకా," అన్నాడు అతను, పాప లేవకుండా గొంతు తగ్గించి, "అలాగే పట్టుకోండి."