సమాధి పూస

చీకటి పడి మ్యూజియం మూసేశాక మరమ్మతుల గదిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఎదుట మెక్సికోలో పాతకాలపు మాయా జాతివాళ్ల సమాధిలో దొరికిన పూస. చచ్చినవాళ్ల నోట్లో అలాంటిది పెట్టి సాగనంపేవారట.

మట్టి పట్టిన పూస రాయో ఎముకో తేలకపోతే నాలుకకు ఆనించి చూడటం ఆ పనిలో పాత అలవాటు. ఎముకైతే అంటుకుంటుంది. ఆవిడా ఆనించింది. అంటుకోలేదు గానీ, లవంగం ఘాటు తగిలింది.

అస్తమానం బుగ్గన లవంగం పెట్టుకునేవాడు ఒక్కడే, ఒకప్పుడు ఆవిడ మనసిచ్చినవాడు. మాయావాళ్ల క్యాలెండర్ లెక్కలో 2012 డిసెంబరుకి లోకం అంతమైపోతోంది, ఇంక పెళ్లెందుకంటూ ఏళ్ల తరబడి నాన్చాడు. ఆ రోజు రానే వచ్చింది. లోకం చెక్కుచెదరలేదు. లారీ కింద పడి అతనే పోయాడు.

"చచ్చినా వదలవా?" అంది కసిగా. "అంతమైపోతుందన్నావుగా! నీ మాట నమ్మి ముసలిదాన్నయ్యాను."

వెనక కుర్చీ కిర్రుమంది.

"అయిపోయిందిగా," అన్నాడతను, మునుపటిలాగే తాపీగా. "విను."

వీధిలో ఇందాకటిదాకా చెవులు చిల్లులు పొడిచిన హారన్ల మోత ఎప్పుడు ఆగిందో ఏమో. చీమ చిటుక్కుమనడం లేదు.

"ఇక పెళ్లి చేసుకుందాం."

ఛీకొట్టబోయింది. పెదవులు విడలేదు. చేతిలో పూస లేదు. నాలుక కింద చల్లగా ఉంది.