చీటీ లేని బేసిన్

పాండురంగం ఉప్పు డబ్బా మీద కూడా ‘ఉప్పు’ అని చీటీ అంటించే రకం. అలాంటి మొగుడితో ముప్పయ్యేళ్లు కాపురం చేసినందుకు సుభాషిణికి ప్రభుత్వం పతకమేమీ ఇవ్వలేదు. రెండు తొట్లలో రెండు జాతుల చేపలిచ్చింది.

దక్షిణ అమెరికాలో వాననీటి గుంటలు పూడిపోయాక, వాటిలో ఒక్క వానాకాలమే బతికే చేపల్ని, అంతరించిపోకుండా, దేశదేశాల ఇళ్లకు పంచారు. గుడ్లున్న మట్టిని ఆరబెట్టి దాచడం, తొలకరికి తడపడం ఇప్పుడు ఆవకాయ పెట్టినంత మామూలు పని. మగచేపలను రంగుల్ని బట్టి పోల్చుకోవచ్చు. ఆడవి మాత్రం ఏ జాతివైనా ఒకే బూడిదరంగు. తొట్టి మీది చీటీయే వాటి ఆనవాలు.

ఈసారి రెండు తొట్ల మగపిల్లల్లోనూ సగానికి రెండు జాతుల గుర్తులూ కలిసి వచ్చాయి.

చేపల శాఖ నుంచి తనిఖీకి వచ్చిన నీలవేణి కుర్చీలో కూలబడింది. “ఇక ఆడవాటిలో ఏది కలవనిదో తేల్చలేం. ఈ నీలిచారల జాతి మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు ఆంటీ. అంతకుముందు గుడ్లున్న పాత మట్టి ఏమైనా మిగిలిందా?”

“లేదమ్మా. నేనే చీటీలు తారుమారు చేసుంటాను,” అన్నాడు పాండురంగం తలవంచుకుని. “మతిమరుపు మొదలైనట్టుంది.”

సుభాషిణి కొంగు మెలిపెట్టింది. నిరుడు తొట్లు కడుగుతూ ఆడచేపలన్నిటినీ ఒకే బేసిన్‌లో వేసి, ఎవరికి తెలుస్తుందిలే అని రెండు తొట్లకూ చెరిసగం పంచేసింది తనే.

“మీ చీటీలు సరిగ్గానే ఉన్నాయండీ,” అంది చివరికి. “ఆడవాటిని కలిపేసింది నేను. తప్పు నాది.”