తెలకపల్లి గోవిందు కూత

“బట్టలు నానబెట్టనీకి ఇంట్ల ఇదొక్కటే దొరికిందా నీకు?”

సబ్బునీళ్లలోంచి తన చొక్కానే రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని అడిగాడు గోవిందు.

“మిగిలినయి కారుతున్నయి,” అంది రుక్కమ్మ.

“ఇది గంగాళం గాదు. కప్పు.”

“కప్పుల నానబెట్టినా మురికి వోతది.”

గడప దగ్గర జడ అల్లుకుంటున్న కూతురు తేజస్విని నవ్వు బయటికి రాకుండా రిబ్బను పళ్ల మధ్య బిగించింది. ఆ స్టీలు గంగాళం నడుము చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు: ఉత్తమ ఆటగాడు, గోవిందు, తెలకపల్లి. తను పుట్టకముందు జరిగిన కబడ్డీ పోటీల బహుమతి అది. నాయిన నీళ్లు పారబోసి, దాన్ని తువ్వాలతో తుడిచి, దేవుని పటాల పక్కన బోర్లించాడు. చొక్కా మాత్రం నేల మీదే ఉండిపోయింది.

వనపర్తి మార్కెట్ దగ్గర గోవిందుకు ఎరువుల దుకాణం ఉంది. యూరియాకు వచ్చిన రైతు ముందుగా ఫైనల్ మ్యాచ్ వినాలి. సెమీఫైనల్ కూడా వినే ఓపిక ఉన్నవాడికి బస్తా తొందరగా దొరికేది.

ఎనభైల నాటి పాలమూరు కబడ్డీ ముచ్చట మొదలైతే ఆయన కళ్లు వాటంతట అవే మూతపడేవి. గద్వాల జాన్ పాదరసమట. పట్టుకున్నామనుకుంటే చేతిలో చెమట మిగిలేదట. బాలయ్య అనే ఇంకొకడు మడమ పట్టాడంటే పోలీసులు వచ్చి విడిపించాల్సిందేనట. వాళ్లిద్దరినీ ఒకే కూతలో తాకి గీత దాటి వచ్చినవాడు మాత్రం ఒక్కడేనట. ఆ ఒక్కడు ఎవరని అడగని రైతుకు ఆ రోజు స్టాకు ఉండేది కాదు.

ఆ ఆట చూసి మెచ్చి రుక్కమ్మను తనకిచ్చారని కూడా చెప్పేవాడు. రుక్కమ్మ ఎన్నడూ ఔననలేదు, కాదనలేదు. చాటలో బియ్యం చెరుగుతూ ఉండేది.

ఇతర ఊళ్ల మోసాలు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇంకా పెరిగేది.

“ఊరి జట్టుల ఊరోడే ఆడాలని రూలుండె. గెలవాలని పెద్దమనుషులు బయటోన్ని కిరాయికి తెచ్చి, ఊర్ల పిల్లగాని పేరు రాపిచ్చి దింపెటోళ్లు. మా తెలకపల్లికి ఆ గతి పట్టలే. నేనుంటి గద.”

ఇప్పటి పిల్లలంటే ఆయనకు మహా చులకన. మ్యాటు మీద ఆడేది ఆటే కాదు. మోకాలికి పట్టీ వేసుకునేవాడు ఆటగాడే కాదు. కాలి వేళ్లతో తాకి రావడం ఎట్లానో జర చూపించమని తేజస్విని ఒకసారి అడిగితే, తన మోకాలు పట్టుకుని మంచమెక్కాడు.

అలాంటి ఇంట్లో తేజస్వినికి ఉస్మానియా యూనివర్సిటీ అమ్మాయిల కబడ్డీ జట్టులో చోటు దొరికింది. డిగ్రీ కాలేజీ మైదానంలో రాళ్లు ఏరుకుంటూ నేర్చుకున్న ఆట. హైదరాబాదులో శిక్షణ శిబిరం. రేపు పొద్దున బస్సెక్కకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

గోవిందు వద్దన్నాడు. ఆడపిల్లల కూత పక్కింటికి కూడా వినపడదన్నాడు. కాలు విరిగితే ఎవరు చేసుకుంటారన్నాడు. అన్నిటికన్నా, ఈ పిల్ల ఓడి వస్తే ఇన్నేళ్లు నిలిచిన తన పేరు పోతుందన్నాడు. కాలేజీలో ఆటలు నేర్పే హెప్సిబా మేడం స్వయంగా దుకాణానికి వచ్చింది. గోవిందు ఆమెకు టీ తాగించి, ఫైనల్ మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా వినిపించి, ఆ తర్వాత కుదరదని చెప్పి పంపాడు.

ఆ మధ్యాహ్నం రుక్కమ్మ అన్న వెంకటన్న తిమ్మాజిపేట నుంచి పల్లికాయల సంచితో వచ్చాడు. వెంకటన్న ఇంట్లో ఉన్నంతసేపు గోవిందు కబడ్డీ మాటే ఎత్తడు. ఎండల గురించి, బోరుబావుల గురించి మాట్లాడతాడు. అత్తగారి వైపు వాళ్ల ముందు గొప్పలు చెప్పుకోకపోవడం ఒక్కటే నాయినలో ఉన్న మంచి గుణమని తేజస్విని అనుకునేది. మామ ఆమె వాచిన కళ్లు చూసి ఏమైందని అడిగాడు. ఆ తర్వాత వంటింట్లో చెల్లెలితో కాసేపు మెల్లగా మాట్లాడి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

అన్నాల వేళకు ముగ్గురూ కూర్చున్నారు. తేజస్విని కంచంలో రొట్టె తుంచిందే కానీ నోట పెట్టలేదు.

“నాయినా, ఒక్కసారి పోయొస్త. ఓడిపోతే మల్ల ఆట ముచ్చట తియ్య.”

“గెలుసుడు ఓడుడు నీకేం తెల్సు?” అన్నాడు గోవిందు ఉల్లిగడ్డ కొరుకుతూ. “ఆటంటే ఏందో ఆడినోన్ని అడగాలె. ఆడినోడు చెప్పినట్టు ఇనాలె.”

“అది నిజమే,” అంది రుక్కమ్మ.

తేజస్విని తల వంచుకుంది. అమ్మ కూడా అటే చేరితే ఇక అడగడానికి ఎవరూ లేరు. గోవిందు ముఖం మాత్రం దుకాణం ముందు బల్బులా వెలిగింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమె నోట ఆ మాట వచ్చింది.

“ఇన్నవా? మీ అమ్మకు గూడ తెల్సు.”

“తెల్సు. అందుకే ఆడినోన్ని అడిగిన,” అంది రుక్కమ్మ, కూతురి కంచంలో పప్పు వడ్డిస్తూ. “పిల్లను పంపుమన్నడు. పొద్దుగాల బస్సుకు పోతది. నేనే ఎక్కిస్త.”

గోవిందు నమలడం ఆపాడు.

తేజస్విని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. “నాయిన ఎప్పుడు పంపుమన్నడే అమ్మా?”

రుక్కమ్మ భర్త వైపు చూడలేదు. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“మీ నాయిన పేరు మీద ఆడింది మీ మామ, బిడ్డా.”