కదలని చెయ్యి

"మళ్ళీ కదిలావా!" డైరెక్టర్ గాస్పార్ నెత్తిమీది టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

శాస్త్రజ్ఞుడి వేషంలో యంత్రం పక్కన నిలబడ్డ ముసలి అన్సెల్మ్ తలొంచుకున్నాడు.

సినిమా కథ సులువే. ముసలమ్మ యంత్రంలోకి ఎక్కుతుంది, పడుచుపిల్లై దిగుతుంది. గాస్పార్ "ఆపు!" అనగానే కెమెరా ఆగుతుంది. యంత్రం పిడి పట్టుకున్న శాస్త్రజ్ఞుడు ఉన్నవాడు ఉన్నట్టే బిగుసుకుపోవాలి. ముసలమ్మ దిగిపోయి, పడుచుపిల్ల ఎక్కాక కెమెరా మళ్ళీ తిరుగుతుంది. ఈలోగా అతని చెయ్యి కదిలిందా, తెరమీద గెంతినట్టు కనబడి గుట్టంతా బయటపడుతుంది.

ఆ ముసలమ్మ అన్సెల్మ్ భార్య జెలీ.

"దాని మోకాలు బాగాలేదు బాబూ. ఆ మెట్టు ఎంతెత్తుందో చూడండి!"

"సరే, నేనే దింపుతాలే."

దింపాడు కూడా. అయినా అన్సెల్మ్ చెయ్యి పిడి వదిలేసి ముందుకొచ్చింది.

"ఇప్పుడేమొచ్చిందయ్యా?"

"కుడిచెయ్యి పట్టుకుంటే తూలుతుంది బాబూ, ఎడమచెయ్యి పట్టుకోవాలి. నలభై ఏళ్ళుగా పట్టుకుంటున్నాను, నాకు తెలీదా?"

స్టూడియో గాజుకప్పు మీంచి ఎండ జారిపోతోంది. ఇంకొక్కసారికే వెలుతురుంది. ముసలాయనంటే గాస్పార్‌కి ఇష్టమే, కానీ ఓపిక చచ్చిపోయింది.

"ఈసారి కదిలావో, రేపు నీ గడ్డం ఇంకొకడికి అంటిస్తాను!"

ఆ గడ్డమే వాళ్ళ ఇంటి పొయ్యి వెలిగిస్తోంది. అన్సెల్మ్ ముఖం పాలిపోయింది. జెలీ కుంటుకుంటూ అతని దగ్గరికెళ్ళి, తన కాలరుకి గుచ్చి ఉంచుకున్న సూదీదారం తీసింది.

"చొక్కా చేతికి లేసు ఊడింది. పిడి పట్టుకుని కదలకుండా నిలబడు, ముసలోడా!"

"ఇప్పుడా కుట్టేది?"

"నోర్మూసుకో. ఈసారి కదిలితే ఇంటికి రాకు."

కెమెరా తిరిగింది. జెలీ ఎక్కింది.

"ఆపు!"

గాస్పార్ ఈసారి ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాడు. మెట్టు మీద కొంచెం తూలినా మెల్లగా దిగింది. పడుచుపిల్ల ఎక్కింది. గాస్పార్ గుండె చిక్కబట్టుకుని వెనక్కి చూశాడు. పిడి మీద చెయ్యి పిడి మీదే ఉంది!

కెమెరా మళ్ళీ తిరిగింది. పడుచుపిల్ల గెంతుతూ దిగింది. శాస్త్రజ్ఞుడి కళ్ళవెంట జలజలా నీళ్ళు కారాయి.

"ఆనందబాష్పాలు! శభాష్!" గాస్పార్ పరిగెత్తుకెళ్ళి ముసలాయన్ని కావలించుకున్నాడు. "మొత్తానికి కదలకుండా ఉండటం నేర్చుకున్నావు!"

"నేర్చుకోవడమా, నా శ్రాద్ధమా! అది తూలుతుంటే పట్టుకుందామన్నా చెయ్యి రాలేదు! ముందు కత్తెర తెప్పించండి బాబూ, ఈ మహాతల్లి నా చొక్కాని పిడికి చుట్టి కుట్టేసింది!"