మూడుసార్లు పిలవాలి

"మా తమ్ముడు తప్పిపోయాడమ్మా," అన్నారు మాస్టారు.

దుబాయ్‌లో పెద్ద ఎమ్యూజ్‌మెంట్ పార్కు. గేటు పక్కన అద్దాల గదిలో మైకు ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చొక్కాకి ఉషశ్రీ అని పేరు తగిలించి ఉంది. ఆ పేరు చదివే మాస్టారు ధైర్యంగా తెలుగులో మాట్లాడారు.

"అయ్యో, మీదే ఊరండి?"

"నందిగామ."

"మాది పేటేనండి, జగ్గయ్యపేట. మీ తమ్ముడుగారి పేరేంటి అంకుల్?"

"ప్రేమానందం."

"వయసు?"

"అరవై దాటాయి."

ఉషశ్రీ ఇబ్బందిగా చూసింది. ఆ పార్కులో చిన్నపిల్లలు తప్పిపోతేనే మైకులో పిలుస్తారు. పెద్దవాళ్ళ కోసం పిలవరు.

"ఆయనకి ఫోన్ చెయ్యకూడదా అండి?"

"ఫోన్ తెచ్చుకోలేదమ్మా. ఎవరూ చెయ్యని ఫోన్ మోసుకు తిరగడం ఎందుకని ఇంట్లోనే పడేసి వచ్చాడు."

మాస్టారి సంగతి కొంచెం చెప్పాలి. నందిగామలో అందరూ ఆయన్ని పార్కుల మాస్టారంటారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా ఒకసారి పిల్లల్ని హైదరాబాద్‌లో పార్కు చూపించడానికి తీసుకెళ్తే, జాయిస్ అనే ఎనిమిదో తరగతి పిల్ల జనంలో తప్పిపోయింది. మైకులో పేరు పిలిచారు. ఆ పిల్ల ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. తోటి పిల్లలు చుట్టుముట్టి, వాటేసుకుని, కాసేపు ఏడ్చి కాసేపు నవ్వి నానా గోల చేశారు. మాస్టారు పక్కన నిలబడి చూశారు. ఆయనకి పార్కుల పిచ్చి పట్టుకున్నది ఆ రోజే.

పిచ్చంటే మామూలు పిచ్చి కాదు. చెన్నై, కొచ్చి, ముంబై తిరిగారు. రిటైరయ్యాక సింగపూర్, హాంకాంగ్ వెళ్ళారు. ఎక్కడ కొత్త రోలర్ కోస్టర్ పెట్టినా కాలేజీ కుర్రాళ్ళకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఎక్కితే ముందు సీట్లోనే ఎక్కుతారు. గాంధీ సెంటర్లో టీకొట్టు దగ్గర బసవయ్య అనే రైతు రోజూ ఆటపట్టిస్తాడు.

"ఏం మాస్టారూ, కాటికి కాళ్ళు చాచుకుని ఈసారి ఏ దేశం రంగులరాట్నం?"

మాస్టారు నవ్వి టీ తాగి ఇంటికెళ్ళిపోతారు. మళ్ళీ మర్నాడు టీ దాకా ఆయనకి నోరు విప్పే పని ఉండదు.

ఏ పార్కుకి వెళ్ళినా రైడ్లన్నీ అయ్యాక మైకు గది వెతుక్కోవాల్సిందే. ప్రతిచోటా తప్పిపోయే మనిషిని వెంటేసుకుని దేశాలు తిరగడమెందుకని మీరు అడగొచ్చు. ఏం చేస్తారు, వదిలేసి వెళ్ళే మనిషి కాదు మరి. కొచ్చిలో బాగానే పిలిచారు. సింగపూర్‌లో నోరు తిరక్క పేరుని పచ్చడి చేశారు. అలా పిలిస్తే ఎవర్ని పిలిచినట్టు? హాంకాంగ్‌లో అసలు పిలవనే లేదు. ఆ పూట మాస్టారు అన్నం ముట్టలేదు.

ఇక్కడా అదే అయ్యేలా ఉంది.

"రూల్స్ ఒప్పుకోవండి," అంది ఉషశ్రీ. "గేటు దగ్గర నిలబడండి. బయటికెళ్ళేటప్పుడు ఆయనే కనబడతారు."

"కనబడడమ్మా. పిలిస్తేనే వస్తాడు."

మాస్టారు ఒక అడుగు ముందుకు వేశారు.

"వాడికి ఎవరూ లేరు తల్లీ. పెళ్ళీ పెటాకులూ లేవు. అక్క ఫ్లోరెన్స్ ఒక్కతే పేరు పెట్టి పిలిచేది, నిరుడు అదీ పోయింది. వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా సమాధుల తోటలోనే ఉన్నారు. ఒక్కసారి పిలువు. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు."

ఉషశ్రీకి మనసు ఆగలేదు. ఫోన్ తీసి సూపర్‌వైజర్‌ని బతిమాలింది. చాలాసేపు బతిమాలాల్సొచ్చింది.

"ఈ ఒక్కసారికి సరే అన్నాడండి. ఇంగ్లీషులో పిలవమంటారా?"

"తెలుగులో. మన పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో పిలుస్తారు చూడు, అలాగ. మూడుసార్లు పిలవాలి. ఊరి పేరు చెప్పాలి. చివర్లో 'మీవాళ్ళు మీకోసం ఎదురుచూస్తున్నారు' అనాలి. అది మాత్రం మర్చిపోకమ్మా."

"నాకు తెలీదా అండి. చిన్నప్పుడు ఆ తిరునాళ్ళలో నేనూ తప్పిపోయినదాన్నే." ఆమె నవ్వి కుర్చీ చూపించింది. "కూర్చోండి."

"వద్దమ్మా. బయటైతే బాగా వినబడుతుంది."

మాస్టారు బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. చుట్టూ ఎవరి మనుషుల్ని వాళ్ళు ఏవేవో భాషల్లో కేకలేసి పిలుచుకుంటున్నారు. మైకు గరగరమంది.

"నందిగామ నుంచి వచ్చిన ప్రేమానందం గారూ, మీరు ఎక్కడున్నా గేటు దగ్గరికి రండి. మీవాళ్ళు మీకోసం ఎదురుచూస్తున్నారు."

అర్థం కాని భాష విని జనం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచిపోయారు. ఉషశ్రీ రెండోసారి పిలిచింది. గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమె అద్దంలోంచి ఆత్రంగా జనంలోకి వెతికింది. మూడోసారి సొంత బాబాయిని పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది.

"వస్తున్నా," అంటూ కళ్ళు తుడుచుకుని బెంచీ మీంచి లేచారు ప్రేమానందం మాస్టారు.