చేత్తో నడిపిన కారు

చక్రం కింద నిమ్మకాయ నలగకపోతే వాహన పూజ అయినట్టా, కానట్టా? పన్నెండేళ్లుగా కోదండపాణిది ఇదే సందేహం. తనంతట తానే నడిచే అతని కొత్త కారు, ఆనాడు నిమ్మకాయను అడ్డంకి అనుకుని అంగుళం కదల్లేదు. పూజారి కాయ తీసేసి, "అంతా స్వామి దయ" అన్నాడు. భార్య అలివేలు ఒప్పుకోలేదు.

"ఎప్పటికైనా మీ చేత్తో నడిపి తొక్కిస్తారని హనుమంతుడికి మొక్కేశానండీ."

ఆమె పోయింది. మొక్కు మిగిలింది.

మనిషి స్టీరింగ్ పట్టుకునే చోటు ఇప్పుడు రేసు ట్రాక్ ఒక్కటే. అక్కడ ఎర్ర స్పోర్ట్స్ కారులో మొదటి పాఠానికి కూర్చున్నాడు. మలుపులో గట్టిగా తిప్పాడు. కారు తనకు తోచినంతే తిరిగింది.

"నేను తిప్పినంత తిరగలేదేంటమ్మా?"

"మొదటి రోజు అంతే బాబాయ్, అదే దిద్దుకుంటుంది," అంది నేర్పే రుబీనా.

"మరి రెండో రోజు?"

ఆమె తల దించుకుంది. "ఆ దిద్దుకోవడం ఆపకూడదని కొత్త రూలొచ్చాక అన్నీ మొదటి రోజులే బాబాయ్."

నడపడం ఇక ఈ జన్మకు లేదు. జేబులోంచి నిమ్మకాయ తీసి సంగతి చెప్పాడు. రుబీనా కారును పూర్తిగా ఆర్పేసింది. అతను దిగి కాయను చక్రం ముందు పెట్టాడు. ఆమె సాయం పట్టబోతే వద్దన్నాడు. ఒక్కడే రొప్పుతూ తోశాడు. చక్రం కింద కాయ టప్పుమంది.

"చేత్తోనే నడిపాను అలివేలూ," అన్నాడు.