మూడో ముడుపు

“ఇంట్ల ఇద్దరే పిల్లలు. ముడుపులు మూడెట్లున్నయ్ అత్తమ్మా?”

కరుణ అడిగింది. హనుమమ్మ దేవుని అర్రలో, ఇంటి దేవత పేరున పూజించే కూరాటి కుండ పక్కన చతికిలబడి, ఒళ్ళో ఉన్న మూడు పసుపు మూటలనూ చూస్తూ కూర్చుంది. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. ఏటా దసరాకు ముసలామె వాటికి కొత్త పసుపు పూసి, మళ్ళీ కుండ వెనక్కి తోసేసేది. ఆ మూలకు ఇంకొకరి చెయ్యి పోనిచ్చేది కాదు.

బయట ట్రాలీ ఆటో హారన్ కొడుతోంది. అందులో కట్టేసిన గొర్రెపిల్ల అరుస్తోంది. మైసమ్మ గుడి దగ్గర మూడేళ్ల మైసిగాడికి పుట్టువెంట్రుకలు తీయించి, పిల్లల ముడుపులు చెల్లించి రావాలి. ఎప్పుడో చేయాల్సిన పని. ఇవాళ, రేపు అంటూ జరిపారు. నెల తిరక్కుండా వాడికి మూడుసార్లు ఫిట్స్ వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ మైసమ్మ యాదికొచ్చింది.

కొత్తకోట డాక్టరు మందులు రాశాడు. వేస్తూనే ఉన్నారు. కానీ మైసమ్మ కొలుపులు చేసే బైండ్ల బీరన్న పిల్లాడి నుదుటి మీద బొటనవేలు ఆనించి, “గీ ఇంట్ల ఒక మొక్కు చెల్లలే. పిల్ల పేరు మీద మొక్కింది. పేరు చెప్పి, విప్పి, అమ్మ ముందర పెట్టున్రి” అన్నాడు. అప్పటి నుంచి కరుణకు కంటి మీద కునుకు లేదు. కొడుకు నిద్రలో కదిలినా ఉలిక్కిపడుతోంది.

“ఒకటి ప్రణీతది, ఒకటి మైసిగానిది. గిది ఎవలది?” మళ్ళీ అడిగింది.

“గదాన్ని ఇడిసిపెట్టు బిడ్డా.”

“మా అమ్మకు యాదిమరుపు. ఒక్కరికే రెండుసార్లు కట్టుంటది” అన్నాడు పరమేష్ గడపలోంచి, నవ్వుతూ. “నడువున్రి, ఎండెక్కుతాంది.”

కొత్త గౌను వేసుకున్న ఏడేళ్ల ప్రణీత నానమ్మ భుజం మీదుగా తొంగి చూసింది. “గది మా చెల్లెది” అంది.

పరమేష్ నవ్వు ఆగిపోయింది. కరుణ కూతురి వైపు తిరిగింది.

నాలుగేళ్ల కింద, కడుపుతో ఉన్నప్పుడు, తమ్ముడో చెల్లెనో వస్తుందని ఆ పిల్లకు తానే చెప్పింది. పిల్ల చెల్లెనే కోరుకుంది. నాలుగో నెలలో పాలమూరులో స్కానింగ్ తీయించాక, కరుణను బయట బల్ల మీద కూర్చోబెట్టి, రిపోర్టు కోసం పరమేష్ ఒక్కడే లోపలికి పోయాడు. వచ్చి, “గుండె కొట్టుకుంటలేదంట” అన్నాడు. ఆ సాయంత్రమే కడుపు తీసేశారు. ఆడో మగో అని అడిగితే, “గంత చిన్నదాంట్ల ఏం తెలుస్తది” అన్నాడు. ఇప్పటికీ పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు కరుణ చెయ్యి మూడో పళ్ళెం మీదికి పోతుంది. తీసి, మళ్ళీ పెట్టేస్తుంది. ఎవరికీ చెప్పదు.

“అత్తమ్మా, పోయిన బిడ్డ పేరు మీద కట్టినవా?”

హనుమమ్మ మూటల మీద చెయ్యి కప్పింది. “పోయినోళ్ల జోలి ఇప్పుడెందుకే?” అంది. కళ్ళలో నీళ్ళు నిండాయి.

“నా కొడుకు పాణం మీదికొచ్చింది అత్తమ్మా. పేరు చెప్పకుంటే అమ్మ ఎట్ల తీసుకుంటది?”

“పేరూ లేదు, ఏం లేదు” పరమేష్ గొంతు పెంచాడు. “మూట విప్పొద్దు. గట్లనే గుడిల పెట్టొద్దాం.”

“బీరన్న విప్పాలన్నడు.”

“బీరన్న చెప్తే బాయిల దుంకుతవా? వద్దంటున్న గదా!”

ఎప్పుడూ పిల్లల మీద కూడా గొంతు లేపని మనిషి. అంత కోపం ఎందుకో కరుణకు అర్థం కాలేదు. చంకలో మైసిగాడు ఆమె మెడలో ముఖం దాచుకున్నాడు. వాడి ఒళ్ళు మళ్ళీ వెచ్చబడినట్టు అనిపించింది. ఇంక ఆగలేకపోయింది. వాణ్ణి నేల మీద దించి, అత్త ఒళ్ళోని మూడో మూట అందుకుని, రాయిలా బిగుసుకుపోయిన ముడిని పంటితో లాగింది.

పిండైపోయిన బియ్యం నేల మీద రాలింది. దాంతో పాటు నల్లబడిన పావలా బిళ్ళ. ఆ వెనుక రెండు ఆకుపచ్చ గాజులు, పసిదాని చేతికి పట్టేంతవి, దొర్లుకుంటూ పోయి పరమేష్ కాలి దగ్గర ఆగాయి.

అతను నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు.

“ఆడపిల్లని నీకెవలు చెప్పిన్రే అమ్మా?” అన్నాడు. “లోపల నేను, గా స్కానింగాయనే ఉంటిమి. ఎవలకు చెప్పనని నాకు ఒట్టేసిండు!”

కరుణ మొగుడి ముఖంలోకి చూసింది. గుండె కొట్టుకోవడం లేదని చెప్పిన నోరు అదే. పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

హనుమమ్మ పాకుతూ పోయి గాజులు రెండూ ఏరుకుంది. కొంగుతో తుడిచి, గుప్పిట్లో పెట్టుకుంది.

“గివి మీ అక్క గాజులురా. నువ్వు పుట్టకముందే జరమొచ్చి పోయింది. నా మొక్కు నాతోనే పోనీ అని నీకెన్నడు చెప్పలే” అంది. తర్వాత తలెత్తి కొడుకును చూసింది.

“నువ్వు ఎవల సంగతి చెప్తున్నవ్ కొడుకా?”